తలుపుకు నెట్ రాలేదు

మా బావ చిట్కుల్‌లో కట్టుకున్న కొత్త ఇంటికి రెండు రక్షణలున్నాయి. గుమ్మం పైన బూడిద గుమ్మడికాయ వేలాడుతుంది. తలుపుకు నెట్‌తో నడిచే తాళం ఉంది. మొదటిది నరదిష్టిని ఆపుతుందని మా అక్క నమ్మకం. రెండోది దొంగల్ని ఆపుతుందని నా మేనల్లుడి నమ్మకం. ఇంతవరకు ఆ రెండూ కలిసి ఆపగలిగింది ఒక్క మా మేనకోడలిని. అదీ పరీక్ష రోజు పొద్దున.

నేను సభల్లో పెరిగినవాణ్ణి. వాస్తు మీద, ముహూర్తాల మీద, బాబాల మహిమల మీద మైకు పట్టుకుని గొంతు పోయేదాకా వాదించాను. నిప్పుల మీద నడవడానికి భక్తి అక్కర్లేదు, జల్దీ నడిస్తే చాలని పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లలో నడిచి చూపించాను. అరికాళ్లు కాలకుండా బయటపడ్డాను కానీ, సొంత అక్కను ఒక్క మూఢనమ్మకం నుంచి కూడా బయటకు లాగలేకపోయాను. అందుకే గృహప్రవేశంనాడు ఆ తాళాన్ని చూసి సంతోషపడ్డాను. హోమం పొగ మధ్య నిలబడి, "ఈ ఇంట్లో బుద్ధి ఉన్న వస్తువు ఇదొక్కటే" అని నలుగురూ వినేలా అన్నాను కూడా. మా బావ ఏ మాటా మరిచిపోడు.

ఆ తాళం సంగతి కాస్త చెప్పాలి. మేనల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, అమ్మానాన్నల భద్రత కోసం దాన్ని కొని బిగించాడు. తలుపు మూస్తే దానంతటదే పడుతుంది. తెరవడానికి నాలుగు దారులు: వేలిముద్ర, అంకెలు, తాళంచెవి, ఫోను. నాలుగు దారులున్న ఇల్లు ఎప్పుడూ మూతపడదని అతని ధీమా. ఆ ఇంట్లో ఉండేది తన తల్లిదండ్రులని మరిచిపోయాడు.

వేలిముద్ర దారిని మా అక్క మూసింది. గడపకు పసుపు రాసే చేయి తాళాన్ని వదిలేస్తుందా? ప్రతి శుక్రవారం వేలు పెట్టే చోట పసుపు మెత్తి, నడుమ కుంకుమ బొట్టు పెట్టింది. కొన్ని వారాలకే అది ఎవరి వేలినీ గుర్తుపట్టడం మానేసింది. అంకెల దారిని బావ మూశాడు. పాలవాడికి, నీళ్ల క్యాన్లవాడికి, కరెంటు పనికి వచ్చినవాడికి గేటు దగ్గర నిలబడి ఆ అంకెలు అరిచి చెప్పేవాడు. అది తెలిసి మేనల్లుడు హైదరాబాద్ నుంచే అంకెల్ని రద్దు చేశాడు. తాళంచెవుల దారిని పురోహితుడు మూశాడు. డబ్బాతో వచ్చిన రెండు చెవులనూ ఏడాది తిరిగేదాకా దేవుడి గూట్లో, దేవుడి పాదాల దగ్గర ఉంచమన్నాడు. ఉంచారు. దేవుడు లోపల, చెవులు లోపల.

మిగిలింది ఫోను. ఫోనులో బొమ్మ నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. చూడటానికి ఎంతో సులువు. తలుపు మూరెడు దూరంలో ఉంటుంది. మనం నొక్కిన నొక్కుడు మాత్రం ఎక్కడో ఉన్న కంపెనీ యంత్రం దగ్గరికి పోవాలి. అది మనం ఎవరమో చూసి, ఒప్పుకుని, ఇంట్లోని నెట్ డబ్బాకు చెప్పాలి. ఆ డబ్బా తాళానికి చెప్పాలి. భక్తుడికీ దేవుడికీ మధ్య పూజారి ఎందుకని ఇన్నేళ్లు వాదించిన నాకు, మనిషికీ తన ఇంటి తలుపుకూ మధ్య ఇంతమంది దళారులు ఎందుకన్న ప్రశ్న తట్టలేదు. కొత్త పూజారికి పిలక లేకపోవడం వల్ల గుర్తుపట్టలేదు.

ఇక మేనకోడలి సంగతి. నర్సింగ్ చదవాలని ఆ పిల్ల పట్టుదల. కిందటేడు ప్రవేశ పరీక్షలో సీటు అందలేదు. బావ కాజీపల్లిలో మందుల కంపెనీలో సూపర్‌వైజరు. కూతుర్ని అదే కంపెనీలో ప్యాకింగ్‌లో పెట్టిస్తానన్నాడు. ఇంకొక్క ఏడాది ఇంట్లోనే కూర్చుని చదువుతానని పిల్ల బతిమాలింది. "ఒక్కసారే. ఈసారి రాకుంటే ఇగ ప్యాకింగే" అని బావ ఒప్పుకున్నాడు. ఆ ఏడాదంతా ఆ పిల్ల కొత్త ఇంటి మేడ మీద, సిమెంటు బస్తాల పక్కన కూర్చుని చదివింది. పరీక్షా కేంద్రం రుద్రారం దాటాక, సంగారెడ్డి దారిలో ఒక కాలేజీలో. ఒక్క నిమిషం ఆలస్యమైనా గేటు లోపలికి రానివ్వరు. ఆ నియమం మన దగ్గర చిన్న పిల్లలకు కూడా తెలుసు.

బైకు మీద దించడానికి నేను పొద్దున్నే వెళ్లాను. నేను వెళ్లేసరికి అక్కడ బయల్దేరడం కాదు, నాటకం రిహార్సల్ జరుగుతోంది. పిల్ల గడప దాటగానే ముత్తైదువ నీళ్లచెంబుతో ఎదురు రావాలి. ఆ వేషం అక్కది. పిల్లి గానీ, కట్టెల మోపు గానీ అడ్డం రాకుండా బావ సందు మొదట్లో కాపలా. నేను బైకు దగ్గర నోరు మూసుకుని ఉండాలి.

నోరు మూసుకున్నాను. ముక్కు మూసుకోలేదు. పిల్ల కుడికాలు గడప అవతల పెట్టిందో లేదో, అగరొత్తుల పొగ నా ముక్కుల్లో దూరింది. తుమ్మాను.

సందు మొదట్లోంచి బావ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది బామ్మర్దీ! ఒంటి తుమ్ము తుమ్మినవ్!"

"తుమ్ము వచ్చింది బావా. తెప్పించుకోలేదు."

"ఇంకోటి తుమ్ము జల్దీ. జంట తుమ్ముకు దోషం లేదు."

"ఆర్డరు మీద తుమ్ములు రావు."

"సూడక్కడ, సూర్యుని దిక్కు సూడు. వస్తది."

చూశాను. కళ్లనీళ్లు వచ్చాయి, తుమ్ము రాలేదు. "కావాలని జేస్తున్నవ్ తమ్మీ, మేనకోడలని గూడ లేదు నీకు" అని అక్క ముక్కు చీదింది. ఇక చేసేది లేక పిల్లను మళ్లీ లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించారు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. తుమ్ము దోషం పోవాలని అక్క పిల్ల భుజం మీది సంచి తీసుకుని, హాల్‌టికెట్టు, గుర్తింపు కార్డు ఉన్న ఆ సంచిని మరోసారి దేవుడి గూటి ముందు పెట్టింది. తర్వాత మళ్లీ ఎదురు రావడానికి చెంబు పట్టుకుని గేటు దగ్గరికి ఉరికింది. అమ్మ సంచి తెచ్చిందని పిల్ల అనుకుంది. పిల్ల తీసుకుంటుందని అమ్మ అనుకుంది. పిల్ల కుడికాలితో బయటికొచ్చి, వెనక్కి తిరిగి చూస్తే అపశకునమని తల్లి కేకేయడంతో, చూడకుండానే తలుపు లాగింది.

తాళం పడింది. ఆ చప్పుడు ఎంత ముద్దుగా ఉందో.

"అమ్మా, సంచి?"

అక్క చేతిలో చెంబు మాత్రమే ఉంది.

పరవాలేదు, ఫోనుందిగా అనుకున్నాం. పిల్ల ఫోను నొక్కింది. తలుపు కదల్లేదు. తాళంలోంచి ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా, కనెక్షన్ చూసుకోమని ఇంగ్లీషులో చెప్పింది. బావ తన ఫోను నొక్కాడు. అదే గొంతు, అదే మర్యాద. పిల్ల మేనల్లుడికి ఫోను చేసి స్పీకర్ ఆన్ చేసింది.

"నా దగ్గర గూడ ఆఫ్‌లైన్ చూపిస్తుంది," అన్నాడతను. "ఇంట్లో నెట్ పోయినట్టుంది. రూటర్ ఒకసారి బంద్ చేసి ఆన్ చెయ్యి."

"అన్నా, రూటర్ లోపలున్నది. మేం బయటున్నం."

సందు చివర మురుగుకాలువ కోసం పొద్దుటి నుంచి యంత్రం తవ్వుతున్న చప్పుడు మాకు అప్పుడు వినిపించింది. బావ అటు పోయి చూసి వచ్చాడు. మట్టిలోంచి తెగిన నల్లటి తీగలు పేగుల్లా వేలాడుతున్నాయట. మా అందరి ఫోన్లకూ నెట్ ఉంది. పాటలు వినొచ్చు, సినిమా చూడొచ్చు, లోకంలో ఏ మూల ఏం జరుగుతుందో తెలుసుకోవచ్చు. తలుపుకు మాత్రం నెట్ లేదు.

తాళం కంపెనీ వాళ్లకు బావ ఫోను చేశాడు. ఆ నొక్కు, ఈ నొక్కు అని చాలాసేపు తిప్పించుకుని, చివరికి ఒక మనిషి హిందీలో పలికాడు. బీహార్, ఒడిశా కూలీలతో రోజూ మాట్లాడే బావకు కంపెనీ హిందీ బాగా వచ్చు.

"భయ్యా, దర్వాజా బంద్ హోగయా. బచ్చీకా ఎగ్జామ్ హై. జల్దీ ఖోలో."

అతను ఓపిగ్గా విని ఉపాయం చెప్పాడు. తాళం వెనకవైపు చిన్న బటన్ ఉంటుంది, దాన్ని కాసేపు నొక్కి పట్టుకోవాలి.

"వెనకవైపంటే?"

లోపలివైపు అన్నాడతను.

"అరె, లోపలికి పోయేటట్టు ఉంటే నీకెందుకు ఫోన్ జేస్త భయ్యా!"

అలా అయితే ఫిర్యాదును యాప్‌లో నమోదు చేయమని, తమ సేవ నచ్చితే మంచి మార్కులు ఇవ్వమని చెప్పి అతను సెలవు తీసుకున్నాడు.

"తలుపు పగలగొడదాం బావా," అన్నాను.

బావ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. బర్మా టేకు తలుపు అది. మీద గజలక్ష్మి చెక్కించాడు. "గృహప్రవేశమై ఏడాది తిరగలే. లక్ష్మి ఉన్న తలుపు మీద దెబ్బ పడితే ఇల్లు ఆగమైతది."

"ఇల్లు సరే. పిల్ల?"

"నువ్వేం మాట్లాడకు. బుద్ధి ఉన్న వస్తువు ఇదొక్కటే అన్నవ్ గదా మొన్న? చెప్పు దానికి, తెరుసుకొమ్మని చెప్పు. నీ చుట్టమే గదా!"

నాలుగు సభల్లో నలుగురు పండితుల నోరు మూయించినవాణ్ణి, తాళం మీద గట్టిపడ్డ పసుపును గోటితో గీకి చూశాను. రాలేదు.

కిటికీలన్నిటికీ ఇనుప ఊచలు. మేడ మీది తలుపుకు లోపల గడియ. మిగిలింది వెనక తలుపు. అంటే, ఒకప్పటి వెనక తలుపు. ఇల్లు కట్టేటప్పుడు వంటింటికి దక్షిణాన గుమ్మం పెట్టారు. వాస్తు పండితుడొచ్చి, దక్షిణం గుమ్మం యజమానికి కీడన్నాడు. బావ దాన్ని ఒంటి ఇటుక గోడతో మూయించాడు. అప్పుడు నేను గంటసేపు వాదించి, మంచి టీ తాగి, ఓడిపోయి వచ్చాను. ఒక ఇంటికి పాత నమ్మకం ఒక తలుపు మూసింది, కొత్త నమ్మకం ఇంకో తలుపు మూసింది. పాతదానికి పంచాంగం ఉంది, కొత్తదానికి యాప్ ఉంది. రెండింటి భక్తులూ ఒకే ప్రశ్న అడగరు: ఇది పనిచేయకపోతే ఏం చేయాలి?

అక్క గేటు దగ్గరే కూలబడి ఏడుపాయల అమ్మవారికి మొక్కుకుంటోంది. పక్కింటి టీచరమ్మ గోడ మీంచి తొంగి చూసింది. వాళ్లు చర్చికి పోయేవాళ్లు.

"ఏమైంది వదినా?"

అక్క చెప్పింది. టీచరమ్మ కళ్లు మూసుకుని రెండు ముక్కలు ప్రార్థన చేసి ఇంట్లోకి పోయింది. ఇంకో మతం సాయం కూడా అందిందనుకుని నేను నిట్టూర్చాను. అంతలోనే ఆమె మళ్లీ గోడ దగ్గరికొచ్చింది.

"ప్రార్థన చేసిన అన్నా. గడ్డపార గూడ తెచ్చిన."

నా జీవితంలో విన్న అతి హేతుబద్ధమైన ప్రార్థన అదే.

గడ్డపార నాకు అందించబోయింది. మేనకోడలు మధ్యలోనే లాక్కుంది. అప్పటిదాకా ఆ పిల్ల మా అందరి మాటలూ వింటూ, ఫోనులో టైము చూసుకుంటూ నిలబడింది. ఏడవలేదు. చున్నీ నడుముకు కట్టుకుని ఇంటి వెనక్కి నడిచింది.

"అటు పోకు బిడ్డా!" బావ వెంటబడ్డాడు. "అది దక్షిణం. యముని దిక్కు."

"యముడొస్తే జెర నా సంచి తెచ్చియ్యమను డాడీ."

మొదటి దెబ్బ వేసింది. సున్నం రాలింది. రెండో దెబ్బకు గడ్డపార ఇటుకల సందులో దిగింది. నేను వెళ్లి ఇంకో కొస పట్టుకున్నాను. ఇద్దరం కలిసి ఊపితే ఒక ఇటుక లోపలికి పడింది. బావ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని చూస్తున్నాడు.

"మెల్లగ, మెల్లగ," అన్నాడు. తర్వాత, "గట్ల కాదు, కిందికెల్లి కొట్టుర్రి," అన్నాడు. ఆ తర్వాత ఇక ఆగలేక నన్ను పక్కకు తోసి, "ఉపన్యాసం చెప్పే చేతులతోని గోడలు పడుతయా? ఇటియ్యి" అని గడ్డపార తీసుకున్నాడు. రైతుబిడ్డ. నాలుగు దెబ్బల్లో మనిషి దూరేంత సందు చేశాడు.

పిల్ల దూరింది. కాసేపటికి వాకిట్లో టక్కుమని చప్పుడైంది. పరుగెత్తాం. ఆ టేకు తలుపు, గజలక్ష్మితో సహా, నిండుగా తెరుచుకుని ఉంది. లోపలి నుంచి పిడి తిప్పితే చాలు, దానికి నెట్టూ అక్కర్లేదు, మంత్రమూ అక్కర్లేదు. పిల్ల సంచి భుజాన వేసుకుని, జుట్టు నిండా ఇటుక పొడితో, ఏ కాలు ముందు పెట్టిందో ఎవరికీ తెలియకుండా గడప దాటి బైకెక్కింది. అక్క చెంబు తీసుకుని ఎదురు రాబోయి, జారి, నీళ్లన్నీ నా ప్యాంటు మీద ఒంపింది.

"పోనియ్యి మామా," అంది పిల్ల వెనక నుంచి.

ఇస్నాపూర్ దగ్గర లారీల మధ్య ఎలా దూరానో నాకు తెలియదు. వెనక కూర్చున్న పిల్ల మాత్రం దారి పొడుగునా టైము చెబుతూనే ఉంది. ఇంటి దగ్గర దాచుకున్నదంతా అక్కడ బయటపడింది. పరీక్షా కేంద్రం కనబడేసరికి గేటు మూసే వేళ దాటింది. బైకు ఆపీ ఆపకముందే పిల్ల దూకి పరుగెత్తింది.

గేటు తెరిచే ఉంది. పిల్లలంతా బయట వరుసలో నిలబడి ఉన్నారు. లోపలికి పంపే ముందు వేలిముద్ర తీసుకోవాలట. వేలిముద్ర యంత్రానికి నెట్ కావాలట. నెట్ పోయిందట. ఏ తీగ తెగి మా ఇంటి తలుపు మూతపడిందో, అదే తీగ తెగి ఈ గేటు మూతపడలేదో ఏమో, నాకు తెలియదు. గేటు దగ్గరి పెద్దమనిషిని అడిగాను.

"టైము దాటింది కదా సార్, మరి గేటు?"

"సర్వర్ రాలే సార్. వచ్చినంక తీసుకుంటం. పరీక్ష గూడ అంత లేటుగనే మొదలు."

"మరి ఒక్క నిమిషం రూలు?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "గది పిల్లలకు సార్. సర్వర్‌కు కాదు."

ఇంతకంటే బాగా ఈ కాలం గురించి ఎవరూ చెప్పలేరు. మనిషి నిమిషం ఆలస్యమైతే ఏడాది శిక్ష. యంత్రం ఎంత ఆలస్యమైనా గేటు దాని కోసం తెరుచుకుని, చేతులు కట్టుకుని నిలబడుతుంది. వెనుకటికి దొరగారు వచ్చేదాకా పంచాయతీ ఆగేదట. ఇప్పుడు దొర మారాడు, అంతే. ఆ రోజు ఆ దొర ఆలస్యమే మా పిల్లను కాపాడిందన్నది నిజం. కాపాడింది కదా అని దొరకు దండం పెట్టలేను.

పిల్ల వరుసలో నిలబడి జుట్టులోంచి ఇటుక పొడి దులుపుకుంటోంది. అంతలో నాకు ముక్కు దురద పెట్టింది. చుట్టూ తల్లిదండ్రులు, వాళ్ల చేతుల్లో ప్రసాదాలు. ఇక్కడ తుమ్మితే సగం మంది పిల్లల్ని వరుసలోంచి లాగి మంచినీళ్లు తాగిస్తారు. రోడ్డు దాటి, టీ కొట్టు వెనక్కి పోయి తుమ్మాను. తుమ్ముకు ఏ శక్తీ లేదు. దానికి భయపడేవాళ్ల చేతిలో మాత్రం చాలా ఉంది.

సాయంత్రం ఇద్దరం ఇంటికొచ్చేసరికి తీగలు అతికించారు. తాళంలోని ఆడగొంతు, ఏమీ ఎరగనట్టు, స్వాగతం పలికింది. అక్క పిల్లకు దిష్టి తీసి, ఆ చేత్తోనే తాళానికి కూడా తీసింది. ఎవరి కన్నో పడి అది చెడిపోయిందని ఆమె నిర్ణయం. మేనల్లుడు ఫోను చేసి, ఇలాంటివి మళ్లీ జరగకుండా ఇంకో కంపెనీ నెట్ కూడా పెట్టిస్తానన్నాడు. ఒక దేవుడు పలకకపోతే ఇంకో దేవుడికి మొక్కే పద్ధతి మా వంశంలోనే ఉంది. దేవుడి గూట్లోని చెవుల మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

గోడ మళ్లీ కట్టించడానికి బావ మేస్త్రీని పిలిచాడు. పిల్ల అడ్డం పడింది. ఫలితాలు వచ్చేదాకా ఆగమంది. అప్పటిదాకా ఆ సందుకు ఒక పాత రేకు అడ్డం పెట్టారు.

ఫలితాలొచ్చాయి. సీటు వచ్చేంత ర్యాంకే వచ్చింది. ఏడాదంతా సిమెంటు బస్తాల పక్కన కూర్చుని చదివిన చదువుకు ర్యాంకు రాక ఏమొస్తుంది? కానీ ఆ మాట అనేవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. మొన్న నేను పోయేసరికి బావ ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువాళ్లను వెంటబెట్టుకుని ఇంటి వెనక తిప్పుతున్నాడు. రేకు పోయి, అక్కడ బుద్ధిగా గొళ్లెం ఉన్న మామూలు చెక్క తలుపు వచ్చింది. దానికి మామిడాకుల తోరణం.

"అందరికీ దక్షిణం కీడు. మా రాశికి మాత్రం కలిసొస్తది," అని చెబుతున్నాడు. "ఆ పంతులుకు లెక్క తప్పింది. గోడ వడంగనే బిడ్డకు సీటొచ్చింది." పక్క సందులో ఒకాయన తన ఇంటి దక్షిణపు గోడ పడగొట్టించడానికి కూడా బేరం మాట్లాడుకున్నాడట.

నేను వాదించబోయాను. బావ భుజం మీద చెయ్యేసి నన్ను వాళ్లకు చూపించాడు.

"ఇగో, మా బామ్మర్ది. గీయన తుమ్మబట్టే అంత మంచి జరిగింది."

అక్క ఇంకా ముందుకు పోయింది. కౌన్సెలింగ్ తేదీ రాగానే నాకు ఫోను చేసింది.

"తమ్మీ, ఎల్లుండి పిల్ల కౌన్సెలింగ్‌కు పోతున్నది. జెర పొద్దుగాల్లనే వచ్చి, ఒక్క తుమ్ము తుమ్మి పో."

"ఒంటి తుమ్ము కీడు కదక్కా?"

"అందరిది కీడే. నీది మాకు అచ్చొచ్చింది."

వెళ్లాను. గడప ముందు అందరూ నా ముక్కు వైపే చూస్తూ నిలబడ్డారు. రాలేదు. సూర్యుడి వైపు చూడమన్నారు. చూడనన్నాను. ఈలోగా మేనకోడలు దక్షిణం తలుపులోంచి ఎప్పుడు బయటికొచ్చిందో, బైకు పక్కన నిలబడి హారన్ కొట్టింది. వెళ్లి బండి తీస్తూ చిన్నగా అడిగాను.

"ఈసారి సంచి ఉందా బిడ్డా?"

భుజం మీది సంచి చూపించింది. దాని జిప్పుకు తాళంచెవి ఒకటి వేలాడుతోంది. చెవి నిండా కుంకుమ.

"దేవుని కాడికెల్లి ఎప్పుడు తీసినవ్?"

"పరీక్షనాడే మామా, సంచితో పాటే. ఇన్ని రోజులైంది, దేవుడు అడగలే. అమ్మ గూడ సూడలే. పోనియ్యి, లేటైతది."